అంబులెన్సులో వెనక కూర్చునేదెవరు?

1950ల్లో అమెరికాలోని ఓ మోస్తరు పట్టణం. ఒకాయనకు గుండెపోటు వచ్చింది, లేదా ఊరి బయట కారు బోల్తా పడింది. అప్పుడు చాలా ఊళ్లలో జనం ఫోన్ చేసింది అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యునరల్ హోముకి. అక్కణ్నుంచి పొడవాటి కాడిలాక్ బండి వచ్చేది. పొద్దున అదే బండి ఎవరి శవపేటికనో శ్మశానానికి చేర్చి ఉంటుంది. మధ్యాహ్నానికి శవపేటిక జారడానికి పెట్టిన రోలర్లను కిందికి తిప్పేసి, స్ట్రెచర్ ఎక్కించి, పైన ఎర్ర దీపం తగిలిస్తే అదే అంబులెన్స్. ఇలా రెండు పనులకూ అక్కరకొచ్చే బండ్లు తయారుచేసే కంపెనీలే ఉండేవి.

ఎందుకంటే మనిషిని బారుగా పడుకోబెట్టి తీసుకెళ్లగల వాహనం ఊరు మొత్తానికి వాళ్ల దగ్గరే ఉండేది. అంబులెన్స్ అద్దె మీద పెద్దగా మిగిలేదేమీ లేదు. ఆపదలో ఆదుకున్నారన్న కృతజ్ఞతతో ఆ కుటుంబం ఎప్పుడో ఒకరోజు అంత్యక్రియలకూ తమ గడపే తొక్కుతుందన్నది వాళ్ల లెక్క. చావుబతుకుల మధ్య ఉన్న మనిషిని తీసుకెళ్లే సంస్థకు ఆ మనిషి పోతేనే అసలు ఆదాయం. వాళ్లలో చాలామంది దాన్ని ఊరికి చేసే సేవగానే భావించి, అర్ధరాత్రి లేచి వెళ్లారు. వారి మనసును శంకించాల్సిన పనిలేదు. తప్పంతా ఆ ఏర్పాటులోనే ఉంది.

బండితో వచ్చేవాడి సంగతి చూస్తే ఇంకా జాలేస్తుంది. కార్లు తుడవడం, పూలు సర్దడం, శవాలను మోయడం అతని రోజువారీ పని. అంబులెన్స్ పిలుపు వాటి మధ్యలో వచ్చిపడే అదనపు చాకిరీ. ప్రథమ చికిత్స నేర్చుకున్నవాడు దొరికితే రోగి అదృష్టం. లేకపోతే ఎత్తి బండిలో వేయడం, వీలైనంత వేగంగా తోలడం, అంతే. వెనక రోగి ఒక్కడే పడి ఉండేవాడు. నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగినా, నెత్తురు కారిపోతున్నా ముందు సీట్లో ఉన్నవాళ్లకు తెలిసేది కాదు. తెలిసినా చేయగలిగింది లేదు.

అంతకు దాదాపు ఎనభై ఏళ్ల ముందు పరిస్థితి ఇంతకంటే మేలు. అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసిన ఎడ్వర్డ్ డాల్టన్ 1869లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో గుర్రపు అంబులెన్సులు ప్రారంభించాడు. వాటిలో కుర్ర డాక్టరు తప్పనిసరిగా వెళ్లేవాడు. కట్లు, బద్దలు, కడుపు కడిగే గొట్టం, ఒక సీసా బ్రాందీ సీటు కింద పెట్టెలో ఉండేవి. ఆనాటి వైద్యం చేయగలిగింది తక్కువే కావచ్చు. వైద్యం తెలిసిన మనిషి మాత్రం రోగి పక్కన ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ఆ డాక్టర్లను సైన్యంలోకి తీసుకుపోయింది. ఆసుపత్రులు ఒక్కొక్కటే అంబులెన్సులు వదిలించుకున్నాయి. యుద్ధం అయిపోయాక కూడా డాక్టర్లు తిరిగి బండెక్కలేదు. ఆ ఖాళీలోకి ఫ్యునరల్ హోములు, పోలీసు వ్యాన్లు, టాక్సీలు నడుపుకునే చిల్లర ప్రైవేటు యజమానులు వచ్చారు. అప్పటి నుంచి అంబులెన్స్ అంటే మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే బాడుగ బండి అన్న లెక్క స్థిరపడిపోయింది. ఈ వృత్తిలో ఇవాళ్టికీ తెగని చిక్కుల్లో సగం ఆ లెక్కలోంచే పుట్టాయి.

1966లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ ప్రమాద మరణాల మీద ఒక నివేదిక వెలువరించింది. ముందటేడు, అంటే 1965లో, ఆ దేశంలో ప్రమాదాల్లో 1,07,000 మంది చనిపోయారని, అందులో 49,000 మంది మోటారు వాహనాల వల్ల పోయారని అది లెక్కగట్టింది. దేశంలోని అంబులెన్సుల్లో దాదాపు సగాన్ని 12,000 ఫ్యునరల్ హోములే నడుపుతున్నాయని చెప్పింది. వియత్నాం యుద్ధరంగంలో గాయపడిన సైనికుడికి బతికే అవకాశం సొంత దేశంలో నగర వీధిలో గాయపడిన మనిషికంటే ఎక్కువని అక్కణ్నుంచి తిరిగొచ్చిన వైద్యులు అంటున్న మాటను కూడా అందులో చేర్చారు. యుద్ధభూమిలో గాయపడిన మరుక్షణమే శిక్షణ పొందిన వైద్య సిపాయి చేయి పడేది. స్వదేశంలో వీధి మీద ఆ చేయి లేదు.

ఆ చేతిని తయారుచేసిన చోటు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరం. తయారైనవాళ్లు అక్కడి హిల్ డిస్ట్రిక్ట్‌లోని నల్లజాతి కుర్రాళ్లు.

హిల్ డిస్ట్రిక్ట్ అంటే ఒకప్పుడు జాజ్ సంగీతంతో, చిన్న దుకాణాలతో కళకళలాడిన పేట. నాటక రచయిత ఆగస్ట్ విల్సన్ పుట్టింది అక్కడే. 1950ల చివర పునర్నిర్మాణం పేరిట దాని దిగువ భాగాన్ని నేలమట్టం చేసి, 1961లో అక్కడ పెద్ద స్టేడియం తెరిచారు. దాదాపు 8,000 మంది నిలువనీడ కోల్పోయారు. ఆ పేటలో ఎవరికైనా జబ్బు చేస్తే వచ్చేది పోలీసు వ్యాను. నేరస్తులను ఎక్కించే బండే అది. ఇద్దరు పోలీసులు గుడ్డ స్ట్రెచర్ మీద మనిషిని వెనక వేసి, ఇద్దరూ ముందుకెళ్లి కూర్చునేవారు. పోలీసులకూ నల్లజాతివారికీ మధ్య ఆ రోజుల్లో ఉన్న వైరం తెలిసిందే. జబ్బు మనిషి ఇంటికి పోలీసులను పిలవాలంటేనే జనం జంకేవారు. పిలిచినా బండి వస్తుందన్న నమ్మకం లేదు.

1966 నవంబరు 4న ఆ వ్యాను పెద్దవాళ్లకూ అక్కరకు రాలేదు. నగర మాజీ మేయరు, రాష్ట్ర మాజీ గవర్నరు డేవిడ్ లారెన్స్ ఒక ఎన్నికల సభలో కుప్పకూలాడు. సభలో ఉన్న ఒక నర్సు ఆయన గుండె మీద నొక్కుతూ ప్రాణం నిలిపే ప్రయత్నం చేసింది. పోలీసు వ్యానులో ఆసుపత్రికి చేర్చేసరికి జరగాల్సిన ఆలస్యం జరిగిపోయింది. ఆసుపత్రిలో గుండె మళ్లీ కొట్టుకుంది గాని మెదడు తేరుకోలేదు. నవంబరు 21న ఆయన చనిపోయాడు.

ఆయనకు చికిత్స చేసిన డాక్టరు పీటర్ సఫర్. వియన్నాలో పుట్టి అమెరికా వచ్చిన మత్తు వైద్యుడు. ఇవాళ సీపీఆర్ అని మనం పిలుచుకునే పద్ధతిలో నోటితో నోటికి ఊపిరి ఇచ్చే భాగాన్ని నిరూపించినవారిలో ముఖ్యుడు. 1950ల్లో బాల్టిమోర్‌లో మత్తిచ్చి, కండరాలు కదలకుండా చేసిన, ప్రయోగానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లకు మామూలు జనం చేత ఊపిరి ఊదించి చూశాడు. వైద్యం చదవనివాళ్లు కూడా నేర్పితే ఊపిరి నిలపగలరని తేలింది. ఆ ప్రయోగం ఆయన తర్వాతి జీవితానికంతా దారి చూపింది. లారెన్స్ పోయిన 1966లోనే సఫర్ సొంత కూతురు చిన్న వయసులో ఆస్తమాతో చనిపోయింది. ఆసుపత్రి గేటు దాటి లోపలికి వచ్చాక ఎంత గొప్ప వైద్యం ఉన్నా, గేటు బయట పోయే నిమిషాలను ఎవరు కాపాడతారన్నది ఆయనకు సిద్ధాంత సమస్యగా మిగల్లేదు.

అదే సమయంలో ఫిల్ హాలెన్ అనే ఆయన హిల్ డిస్ట్రిక్ట్‌కి ఏదైనా చేయాలని చూస్తున్నాడు. మారిస్ ఫాక్ మెడికల్ ఫండ్ అనే ధర్మనిధికి ఆయన అధ్యక్షుడు. వయసులో ఉండగా అంబులెన్స్ నడిపినవాడు. ఆ పేటలో నిరుద్యోగులకు ఉపాధి చూపించే ఫ్రీడమ్ హౌస్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థను జేమ్స్ మెకాయ్ నడుపుతున్నాడు. ముగ్గురూ కలిశారు. హాలెన్ అడిగింది పేటకు ఒక అంబులెన్స్, కొందరికి డ్రైవర్ ఉద్యోగాలు. సఫర్ అంతకంటే చాలా దూరం ఆలోచించాడు. బండి వెనక భాగంలో మనిషి నిలబడి రోగికి చికిత్స చేయగలిగేంత ఎత్తు ఉండాలి, తల వైపు కూర్చుని ఊపిరి ఇవ్వడానికి చోటుండాలి, ఆక్సిజన్ ఉండాలి, అన్నిటికంటే ముందు అక్కడ కూర్చునేవాడు సగం డాక్టరై ఉండాలి.

1967లో తొలి జట్టుకు శిక్షణ మొదలైంది. దాదాపు పాతిక మంది. కొందరు బడి చదువు కూడా పూర్తి చేయనివాళ్లు, కొందరు వియత్నాం నుంచి తిరిగొచ్చి పనిలేక తిరుగుతున్నవాళ్లు. వీళ్లకు శరీర నిర్మాణం దగ్గర్నుంచి రోగితో మాట్లాడే తీరు దాకా దాదాపు 300 గంటలు నేర్పారు. ఆపరేషన్ థియేటర్లో, అత్యవసర విభాగంలో, శవపరీక్ష గదిలో నిలబెట్టారు. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాల్లో అంబులెన్స్ నడపడానికి డ్రైవింగ్ లైసెన్సు ఉంటే చాలు. దాంతో పోలిస్తే ఇది ఎంత పెద్ద అడుగో అర్థమవుతుంది. 'వీళ్లు ఉద్యోగాలకే పనికిరారు' అని లోకం ముద్ర వేసిన కుర్రాళ్ల చేతుల్లో సఫర్ తన కాలంలోకెల్లా కొత్త వైద్యాన్ని పెట్టాడు. అది ఆయన గొప్పతనం. దాన్ని అందుకుని నిలబెట్టడం ఆ కుర్రాళ్ల గొప్పతనం, నిజానికి అదే పెద్దది.

1968లో బండ్లు రోడ్డెక్కాయి. ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి, హిల్ డిస్ట్రిక్ట్ తగలబడుతున్నప్పుడు ఆ వీధుల్లో తిరిగినవాళ్లలో వీళ్లున్నారు. తొలి ఏడాదిలో దాదాపు 5,800 పిలుపులకు వెళ్లారు. 200 ప్రాణాలు నిలిచాయని సఫర్ లెక్క. తర్వాతి ఏళ్లలో రోగి గొంతులోకి గొట్టం వేసి ఊపిరి అందించడం, గుండె లయను యంత్రంలో చూసి ఆసుపత్రికి పంపడం, హెరాయిన్ ఎక్కువై పడిపోయినవాళ్లకు నార్కాన్ ఇంజక్షన్ ఇవ్వడం వీళ్లకు రోజువారీ పనయ్యాయి. ఆసుపత్రి బయట ఆ పనులు చేసినవారు అప్పటికి లోకంలో చాలా తక్కువ మంది.

అలాగని వాళ్ల రోజు సుఖంగా గడిచిందని కాదు. తెల్లజాతివారి ఇళ్లకు వెళ్తే నల్లచేయి తమను తాకకూడదన్న రోగులు ఎదురయ్యారు. ఆసుపత్రుల్లో వార్డు బాయ్‌లనుకుని నేల తుడవమన్న సందర్భాలు వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ప్రమాద స్థలానికి పోలీసులు ముందే చేరితే రోగిని అప్పగించడానికి పేచీ పెట్టేవారు. నగర పాలక సంస్థ ఇచ్చే డబ్బు ఎప్పుడూ చాలేది కాదు. జీతాలు తక్కువ, బండ్లు పాతవి. వీటన్నిటి మధ్య 1972లో చేరిన జాన్ మూన్ అంతకుముందు ఒక ఆసుపత్రిలో ఆర్డర్లీ. ఫ్రీడమ్ హౌస్ బట్టలేసుకున్న ఇద్దరు ఆ వార్డులోకి నడిచివచ్చిన తీరు, డాక్టర్లతో సమానంగా మాట్లాడిన తీరు చూసి ఈ పనిలోకి వచ్చానని ఆయన చాలాసార్లు చెప్పాడు.

1974లో నాన్సీ కరోలైన్ అనే యువ డాక్టరును సఫర్ వీళ్లకు వైద్య డైరెక్టరుగా పంపించాడు. ఆమె గదిలో కూర్చుని ఆదేశాలివ్వలేదు. రాత్రుళ్లు వాళ్లతో పాటు బండిలో తిరిగింది, ప్రతి కేసు కాగితం చదివి తప్పొప్పులు చెప్పింది. కేంద్ర రవాణా శాఖ దేశమంతటికీ పారామెడిక్ పాఠ్యక్రమం రాసే పని ఆమెకు అప్పగించింది. ఆ పాఠాలను పరీక్షించి చూసింది ఫ్రీడమ్ హౌస్ సిబ్బంది మీదే. వాటి నుంచి వచ్చిన 'ఎమర్జెన్సీ కేర్ ఇన్ ది స్ట్రీట్స్' పాఠ్యపుస్తకం కొత్త కూర్పులతో ఇవాళ్టికీ చదువుతున్నారు.

దేశానికి పాఠం రాసిన ఆ సేవను నగరం మూసేసింది. మేయరు పీట్ ఫ్లాహెర్టీ నగరానికి సొంత అంబులెన్స్ విభాగం పెడతానన్నాడు. 1975 అక్టోబరు 15న ఫ్రీడమ్ హౌస్ ఆగిపోయింది. పాత సిబ్బందిని తీసుకోవాల్సిందేనని కరోలైన్ పట్టుబట్టడంతో తీసుకున్నారు. తీసుకున్నాక కొత్త పరీక్షలు పెట్టారు, అనుభవం తక్కువైన తెల్లవారి కింద వేశారు, బరువులు మోసే పనికి పరిమితం చేశారు. చాలామంది ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. జాన్ మూన్ నిలబడ్డాడు, అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగాడు. ఆయన ఈ పనిలోకి తెచ్చిన అమెరా గిల్‌క్రిస్ట్ 2023లో పిట్స్‌బర్గ్ అంబులెన్స్ విభాగానికి అధిపతి అయింది. ఆ కుర్చీలో కూర్చున్న తొలి నల్లజాతి వ్యక్తి, తొలి మహిళ ఆమే. ఆ మధ్యలో పోయిన దాదాపు అర్ధ శతాబ్దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఇదే కాలంలో ఫ్యునరల్ హోములు ఈ పని మానుకోసాగాయి. కనీస వేతన చట్టం విస్తరించి ఓవర్‌టైమ్ ఇవ్వాల్సి వచ్చింది. బండికీ మనిషికీ కొత్త ప్రమాణాలొచ్చాయి. రాత్రంతా మేలుకుని ఉండే మనిషికి న్యాయంగా జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి వాళ్లకు గిట్టుబాటు కాలేదు. ఇన్నాళ్లూ ఆ సేవ అంత చవగ్గా దొరకడానికి కారణం పనివాడి కష్టానికి వెల కట్టకపోవడమేనని అప్పుడు బయటపడింది.

లూసియానా రాష్ట్రంలోని లాఫయెట్‌లో ఆ ఖాళీని నింపడానికి 1971లో రిచర్డ్ జుష్లాగ్ మరో ఇద్దరితో కలిసి అకేడియన్ అంబులెన్స్ పెట్టాడు. రెండు బండ్లు, ఎనిమిది మంది సిబ్బంది. సిబ్బందిలో వియత్నాంలో వైద్య సిపాయిలుగా చేసినవాళ్లు ఉన్నారు. ఇంటింటికీ తిరిగి ఏడాదికి కొద్ది డాలర్ల చొప్పున చందాలు కట్టించుకున్నారు. చందా కట్టిన ఇంటికి ఆపదలో బండి వస్తుంది. పిలిచినప్పుడే డబ్బు అన్న పద్ధతి వదిలి, పిలవనప్పుడు కూడా మనిషిని సిద్ధంగా ఉంచడానికి డబ్బు సేకరించిన ఏర్పాటు ఇది. తర్వాత ఆ సంస్థలో ఉద్యోగులకే వాటాలిచ్చారు. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు ప్రభుత్వ సమాచార వ్యవస్థలు కూలిపోయినా వీళ్ల రేడియో పనిచేసింది. ప్రైవేటు అంబులెన్స్ అనగానే దోపిడీ అనుకునేవాళ్లు ఈ సంస్థ చరిత్ర తెలుసుకోవాలి.

అన్ని సంస్థలూ ఆ దారిన నడవలేదు. 1980ల్లో జాక్ స్టౌట్ అనే ఆర్థికవేత్త ఏ గంటలో ఏ పేట నుంచి పిలుపులు ఎక్కువొస్తాయో పాత లెక్కలు చూసి ముందే అంచనా వేయొచ్చన్నాడు. బండ్లను స్టేషన్లో ఉంచకుండా ఆ అంచనా ప్రకారం వీధి మూలల్లో నిలపమన్నాడు. లెక్క సరైనదే. బండి త్వరగా చేరుతుంది, తక్కువ బండ్లతో పని జరుగుతుంది. ఆ లెక్కలో పడిన మనిషి రోజు ఎలా ఉంటుందో చూడాలి. పన్నెండు గంటల షిఫ్టు మొత్తం పెట్రోలు బంకు దగ్గరో, సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లోనో సీట్లోనే కూర్చోవాలి. మూత్రానికి వెళ్లాలన్నా దుకాణం వాడిని అడగాలి. అన్నం పొట్లం విప్పగానే ఇంకో మూలకు వెళ్లమని రేడియో చెబుతుంది. అలా కూర్చుని కూర్చుని ఒక్కసారిగా లేచి, మూడో అంతస్తు నుంచి వంద కిలోల మనిషిని మెట్ల మీదుగా దించాలి. ఈ వృత్తిలో నడుము పట్టేయనివాళ్లు అరుదు.

జనం ఊహించుకునేది సైరన్ మోగే బండి. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారి రోజులో ఎక్కువ భాగం సైరన్ లేకుండానే గడుస్తుంది. వృద్ధాశ్రమం నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి అదే ముసలాయన, అదే ముసలమ్మ. ఆ పని చిన్నదేం కాదు. వారాల తరబడి అదే మనిషి చేయి పట్టుకుని ఎక్కించి దించేవాళ్లకు ఆ మనిషి ఊపిరిలో వచ్చిన మార్పు డాక్టరు కంటే ముందు తెలుస్తుంది. ప్రతి ప్రయాణానికీ రాతపని ఉంటుంది. రోగి నడవలేడని, మంచం మీదే తీసుకెళ్లక తప్పదని కాగితంలో సరిగ్గా రాయకపోతే బీమా డబ్బు రాదు. కంపెనీ ఆదాయం అంబులెన్స్ సిబ్బంది కలం మీద నడుస్తుంది.

అసలు పీటముడి అక్కడే ఉంది. వృద్ధుల బీమా పథకం మెడికేర్ మౌలికంగా చెల్లించేది ప్రయాణానికి. ఇంటికి వెళ్లి, పడిపోయిన చక్కెర స్థాయిని సరిచేసి, రోగిని మంచంలో కూర్చోబెట్టి కాఫీ తాగించి వస్తే ఆ పనికి మామూలుగా పైసా రాదు. బండెక్కించి ఆసుపత్రిలో దించితేనే బిల్లు. బాడుగ బండి నాటి లెక్క పోలేదు. పిలుపు కోసం మేలుకుని ఉన్న గంటలకూ ఆ లెక్కలో చోటు లేదు. 2016 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ట్రాన్స్‌కేర్ అనే పెద్ద ప్రైవేటు సంస్థ దివాలా తీసింది. నగర అత్యవసర సేవలో భాగంగా తిరుగుతున్న దాని బండ్లు రోజుల వ్యవధిలో ఆగిపోయాయి, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. 2018 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు 'ప్రతిపాదన 11' వచ్చింది. ప్రైవేటు అంబులెన్స్ సిబ్బంది భోజన విరామంలో కూడా పిలుపుకు అందుబాటులో ఉండాలా అన్నది ప్రశ్న. దేశంలోకెల్లా పెద్ద కంపెనీ అయిన ఏఎంఆర్ దాని ప్రచారానికి దాదాపు 3 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. ఓటర్లలో పదింట దాదాపు ఆరుగురు 'ఉండాలి' అన్నారు. సిబ్బందికి మానసిక ఆరోగ్య సేవలు అందించాలన్న షరతు కూడా అందులో ఉంది, అది మంచిదే. పిలుపు వస్తే తింటున్న కంచం వదిలి లేవాలనడంలోనూ తప్పులేదు. అలా లేవాల్సినవాడికి షిఫ్టులో ఇంకొక గంట కల్పించాలంటే ఇంకో బండి, ఇంకో జట్టు కావాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఓటు చీటీ మీద లేదు.

పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఒక సంగతి తెలుసుకోవాలి. ఊహించని ఆసుపత్రి బిల్లుల నుంచి రోగిని కాపాడే చట్టం అక్కడ 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. విమాన అంబులెన్సులు దాని పరిధిలోకి వచ్చాయి, రోడ్డు మీద తిరిగే అంబులెన్సులు రాలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. అమెరికాలో 911 నంబరుకు తొలి ఫోన్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది. ఆ నమూనా హైదరాబాదుకు 2005 ఆగస్టు 15న '108'గా చేరింది. సత్యం కంప్యూటర్స్ అప్పటి అధినేత రామలింగరాజు కుటుంబం పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ దాన్ని మొదలుపెట్టింది. ప్రభుత్వం డబ్బిచ్చింది, ప్రైవేటు సంస్థ నడిపింది. పారామెడిక్ శిక్షణలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేయి కలిపింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక జీవీకే సంస్థ నిర్వహణ చేపట్టింది. 108 రాకముందు తెలుగునాట అంబులెన్స్ అంటే ఆసుపత్రి వ్యాను, లేదా పెద్దాసుపత్రి గేటు బయట నిలబడే మారుతీ ఓమ్నీ. దాంట్లో మనిషి నిలబడడానికే చోటుండదు, ఇక చికిత్స మాటెక్కడిది? 108 తెచ్చిన పెద్ద మార్పు బండి కాదు. వెనక కూర్చునే ఈఎంటీ, అంటే అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన సహాయకుడు. డ్రైవరుకు 'పైలట్' అని పేరు పెట్టి గౌరవం ఇచ్చారు. 108 పిలుపుల్లో పెద్ద వాటా కాన్పులది. దారిలో బండి పక్కకు ఆపి, ఫోన్ దీపం వెలుగులో బిడ్డను చేతుల్లోకి తీసుకున్న ఈఎంటీలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.

గౌరవం వచ్చినంత త్వరగా జీతం రాలేదు. పన్నెండు గంటల షిఫ్టులు, ఆలస్యమయ్యే జీతాలు, నిర్వహణ సంస్థ మారినప్పుడల్లా పాత బకాయిలు ఎవరివ్వాలన్న తగువు. ఉమ్మడి రాష్ట్రంలోనూ, తర్వాతా సమ్మెలు జరిగాయి. అత్యవసర సేవ కాబట్టి సమ్మె చేయకూడదని ఎస్మా చట్టం ప్రయోగించారు. ఆ సేవ నిజంగా అత్యవసరమైనదే. దాన్ని అందించేవాడికి మాత్రం కాంట్రాక్టు ఉద్యోగం చాలని ఎలా నిర్ణయించారో ఏ ప్రభుత్వమూ వివరించలేదు. 2020 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108 అంబులెన్సులు, 104 సంచార వైద్య వాహనాలు కలిపి 1,088 ప్రారంభించింది. పది వేల దగ్గర ఆగిన పైలట్ జీతాన్ని అనుభవాన్ని బట్టి 18,000 నుంచి 28,000 దాకా, ఈఎంటీ జీతాన్ని 20,000 నుంచి 30,000 దాకా పెంచుతామని ఆరోజు ప్రకటించారు. సేవ మొదలై అప్పటికి దాదాపు పదిహేనేళ్లు.

108తో తీరని పనులు చాలా ఉన్నాయి. డిశ్చార్జి అయిన రోగిని ఇంటికి చేర్చాలి, జిల్లా నుంచి హైదరాబాదుకు వెంటిలేటర్ మీద తీసుకెళ్లాలి, చనిపోయినవారిని ఊరికి తీసుకురావాలి. వాటికి చాలాసార్లు ప్రైవేటు బండ్లే దిక్కు. 2022 ఏప్రిల్లో తిరుపతిలోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో కొడుకు చనిపోతే, గేటు దగ్గర అంబులెన్సుల వాళ్లు అడిగిన డబ్బు ఇచ్చుకోలేక, బయటి బండిని వాళ్లు రానివ్వక, ఒక తండ్రి ఆ బిడ్డ శవాన్ని బైకు మీద 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. రాష్ట్రమంతా అట్టుడికింది. ఆ డ్రైవర్లు చేసింది క్షమించరానిది. ఆ గేటు దగ్గర బేరం పుట్టే తీరు కూడా అర్థం చేసుకోవాలి. బండి ఖాళీగా తిరిగొస్తుంది కాబట్టి రానుపోను డీజిలు రోగి మీదే పడుతుంది. బండి కదిలితేనే పూట గడిచే డ్రైవరుకు నిలబడి ఉన్న గంటలకు కూలి లేదు. చాలాచోట్ల రేటు బోర్డు ఉండదు, ఉన్నా దాన్ని అమలుచేసే అధికారి ఉండడు. వెనక సీటు సంగతి సరేసరి. చాలా బండ్లలో ఆక్సిజన్ సిలిండరు తిప్పడం తెలిసిన మనిషే ఉండడు. రోగి బంధువే చేత్తో మాస్కు పట్టుకుంటాడు.

ఏజెన్సీ పల్లెల్లో ఈ చర్చే ఇంకా మొదలుకాలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గర్భిణులను డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చే బంధువులే అక్కడి అంబులెన్స్ సిబ్బంది.

బండి ఎలా ఉండాలో మన దేశంలో ప్రమాణం లేకపోలేదు. ఏఐఎస్-125 అనే ఆ ప్రమాణం అంబులెన్సులను నాలుగు రకాలుగా విడదీసింది. బైకు లాంటి బండి మీద వెళ్లి, రోగిని తీసుకెళ్లకుండా ఉన్నచోటే తొలి చికిత్స ఇచ్చేది ఏ రకం, రోగిని చేర్చడానికి మాత్రమే పనికొచ్చేది బీ, ప్రాథమిక ప్రాణరక్షణ పరికరాలున్నది సీ, వెంటిలేటర్ లాంటివి ఉన్నది డీ. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ అంబులెన్సుకు దారివ్వనివారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. బండికి చట్టం ఉంది, దారికి చట్టం ఉంది.

వెనక కూర్చునే మనిషి సంగతి మాత్రం మనమే అడగాలి. ప్రైవేటు అంబులెన్సును పిలిచేటప్పుడు రేటు ఒక్కటే అడగకండి. బండి సీ రకమా డీ రకమా అని, ఆక్సిజన్ ఎన్ని గంటలకు సరిపోతుందని, వెనక కూర్చునేది ఎవరు, వాళ్లు ఏం శిక్షణ పొందారని అడగండి. పదిమంది అడిగితే పదకొండోసారి యజమాని శిక్షణ ఉన్న మనిషిని పెట్టుకోక తప్పదు. ఇక ప్రభుత్వాలు చేయాల్సినవి మూడు. ప్రతి ఆసుపత్రి గేటు దగ్గర కిలోమీటరు రేటు బోర్డు పెట్టాలి. శిక్షణ పొందిన ఈఎంటీ లేని బండికి అంబులెన్సుగా రిజిస్ట్రేషన్ ఇవ్వకూడదు. నిలబడి ఎదురుచూసిన గంటలకు కూడా జీతం వచ్చేలా, ఎనిమిది గంటల షిఫ్టుతో, 108లోనైనా ప్రైవేటులోనైనా ఒకే వేతన నిబంధన తేవాలి. 108 సిబ్బంది సంఘాలు ఎనిమిది గంటల షిఫ్టు డిమాండును ప్రభుత్వాల ముందు ఏళ్ల కిందటే పెట్టాయి.